స్ట్రెయిట్ పుల్ రైఫిల్‌లో ఖాళీ తూటా బిగుసుకుపోతోంది: బోల్ట్ యాక్షన్‌కు మారాలా?

బ్రిటన్‌లో 1988 చట్ట సవరణ సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే రకం) సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను నిషేధించినందువల్ల, ఇక్కడి క్లబ్బులో ప్రాక్టికల్ రైఫిల్ పోటీలకు నేను .223 క్యాలిబర్ స్ట్రెయిట్ పుల్ (బోల్ట్‌ను తిప్పకుండా నేరుగా వెనక్కి లాగే రకం) ఏఆర్-15 రైఫిల్ వాడుతున్నాను. గ్యాస్‌తో పనిచేసే ఏర్పాటు దీనిలో లేదు కనుక, పేల్చిన ప్రతిసారీ పక్కనున్న హ్యాండిల్‌ను చేత్తో వెనక్కి లాగి వదలాలి.

మొదటి పది తూటాల వరకు ఇబ్బంది లేదు. ఇరవై దాటి ఛాంబర్ (తూటా కూర్చునే గది) వేడెక్కాక మాత్రం ఖాళీ తూటా, అంటే పేల్చాక మిగిలే లోహపు తొడుగు, బిగుసుకుపోతోంది. గట్టిగా గుంజితే రైఫిల్ భుజం మీదినుంచి జారి, స్కోపులో లక్ష్యం తప్పిపోతోంది. ఛాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేశాను, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను పట్టి బయటికి లాగే కొక్కెం) స్ప్రింగ్ మార్చాను, నేను స్వయంగా నింపుకున్న తూటాలు మాని ఫ్యాక్టరీవి వాడి చూశాను. తేడా కొంచెమే.

మిత్రుడి లీ-ఎన్‌ఫీల్డ్‌తో (హ్యాండిల్‌ను పైకి ఎత్తి వెనక్కి లాగే పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్) పరీక్షిస్తే ఒక్కటీ ఇరుక్కోలేదు. హ్యాండిల్‌ను పైకి ఎత్తేటప్పుడే దాని బోల్ట్ తిరుగుతూ ఖాళీ తూటాను వదులు చేస్తుంది, నా రైఫిల్‌లో ఆ బలం అంతగా అందడం లేదని నా అనుమానం. అయితే దాని బోల్ట్‌ను ముందుకు తోసేటప్పుడే స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) స్ప్రింగ్ బిగుస్తుంది కాబట్టి ఆ తోపు బరువుగా ఉంటుంది. వంద మీటర్ల దూరంలో పది గుండ్లకు స్ట్రెయిట్ పుల్‌తో 24 సెకన్లు పడితే, దానితో 31 పట్టింది.

రెండింటినీ పోటీల్లో వాడినవారు చెప్పగలరా: వేడెక్కిన స్ట్రెయిట్ పుల్‌లో ఈ బిగుసుకుపోవడాన్ని ఛాంబర్‌ను పాలిష్ చేయించి వదిలించుకోవచ్చా, లేక బోల్ట్ యాక్షన్‌కు మారడమే మార్గమా?