రిపోర్టులో లివర్ గడ్డ రూపం గురించి రాసిన మాటల్ని ఎలా చదవాలి?

పటమట_కృష్ణ:
ట్రైఫేజిక్ సీటీ రిపోర్టులో ‘హెచ్‌సీసీ, 4.2 సెం.మీ., అంచు ఎగుడుదిగుడు, పక్కనే శాటిలైట్ నాడ్యూల్స్, ఎల్‌ఆర్-5’ అని ఉంది. హెచ్‌సీసీ అంటే లివర్ కణాల్లోనే పుట్టే కాన్సర్ అన్నారు. సైజు చిన్నదే కదా, సర్జన్ ఎందుకు తటపటాయిస్తున్నట్టు? ఎల్‌ఆర్-5 అంటే ఐదో స్టేజా?

కొత్తపేట_పాథాలజీ:
కాదండీ. ఎల్‌ఆర్ అనేవి స్కాన్ చూసి, గడ్డ హెచ్‌సీసీ అయ్యే అవకాశం ఎంతో చెప్పే వర్గాలు. ఎల్‌ఆర్-5 అంటే ‘ఇది కచ్చితంగా హెచ్‌సీసీనే’ అని. స్టేజీకీ దానికీ సంబంధం లేదు. రిపోర్టు పట్టుకుని చాలా మంది హడలిపోయేది ఇక్కడే. ‘వాషౌట్’ (కాంట్రాస్ట్ మందుతో ముందు వెలిగిన గడ్డ తర్వాతి బొమ్మల్లో చుట్టూ ఉన్న లివర్ కన్నా మసకబారడం) అని రాసినా, అది కూడా జబ్బును గుర్తుపట్టడానికి వాడే మాటే.

ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పేది అంచు. 1901లోనే ఎగెల్ అనే పరిశోధకుడు ఈ గడ్డల్ని నాడ్యులర్ (ముద్దగా ఉన్నది), మాసివ్ (పెద్ద భాగాన్ని ఆక్రమించినది), డిఫ్యూజ్ (లివర్ అంతా చెదిరినది) అని విడదీశాడు. ఇప్పుడు నాడ్యులర్‌నే ఇంకా విడగొట్టి చూస్తాం: గుండ్రంగా నున్నటి అంచుతో ఒకే గడ్డ, ఒక గడ్డే గానీ ఒక పక్క పొడుచుకొచ్చినది, చిన్న చిన్నవి కలిసిపోయి ద్రాక్షగుత్తిలా అయినది. చివరి రెండింటిలో మైక్రోవాస్క్యులర్ ఇన్వేజన్, అంటే మైక్రోస్కోపులో మాత్రమే కనబడేంత చిన్న రక్తనాళాల్లోకి కాన్సర్ కణాలు దూరడం, ఎక్కువ. అందుకే కోసి తీసేశాక కూడా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. సూది బయాప్సీలో వచ్చే సన్నటి ముక్కతో ఇది తేలదు, ఆపరేషన్ చేసి తీసిన భాగం చూస్తేనే తెలుస్తుంది. సర్జన్ ముందే అంచు చూసేది అందుకే.

శాటిలైట్లు, అంటే పెద్ద గడ్డ పక్కన ఉండే చిన్న గడ్డలు, ఎక్కడివంటే, గడ్డలోంచి బయటికొచ్చే రక్తం పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) కొమ్మల్లోకి వెనక్కి పోతుంది, కణాలు ఆ దారినే పక్కన దిగుతాయి. అవి ఉన్నచోట గడ్డ ఒక్కటే కోస్తే సరిపోదు, ఆ కొమ్మ పరిధిలో ఉన్న సెగ్మెంట్ మొత్తం తీయాలని చూస్తారు. అంత తీస్తే మిగిలే లివర్ సరిపోతుందా అన్నది అసలు లెక్క.

సూర్యారావుపేట_స్కాన్:
ఇదంతా స్కాన్ సరిగ్గా తీస్తేనే. చేతి వెనక సన్నటి 22 గేజ్ క్యాన్యులా పెట్టి కాంట్రాస్ట్ నెమ్మదిగా ఎక్కిస్తే ఆర్టీరియల్ ఫేజ్ (మందు ధమనుల ద్వారా లివర్‌కి చేరే సమయంలో తీసే బొమ్మ) పాడవుతుంది, గడ్డ వెలగదు. మోచేతి మడత దగ్గర అంతకంటే లావైన 18 లేదా 20 పెట్టి సెకనుకు 3–5 మి.లీ. పంపాలి. టైమింగ్ అంచనాగా కాకుండా బోలస్ ట్రాకింగ్‌తో (మందు పెద్ద ధమనికి చేరడం చూసి స్కాన్ మొదలుపెట్టడం) తీసుకోవాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో కాంట్రాస్ట్ ఆలస్యంగా చేరుతుంది. ఆర్టీరియల్ బొమ్మలో పోర్టల్ వెయిన్ కొద్దిగా వెలిగి, హెపాటిక్ వెయిన్లు (లివర్ నుంచి రక్తం బయటికి తీసుకెళ్లే సిరలు) వెలగకుండా ఉంటే టైమింగ్ కుదిరినట్టు. 3–5 నిమిషాల డిలేడ్ ఫేజ్ వదిలేస్తే క్యాప్సూల్ (గడ్డ చుట్టూ ఉండే పొర) తప్పిపోవచ్చు.

లివర్_ఓపీ:
అంచు కంటే ముందు నేను చూసేది పోర్టల్ వెయిన్. సిర్రోసిస్‌లో (లివర్ మచ్చలు పడి గట్టిపడిన స్థితి) ఆ సిరలో మామూలు రక్తపు గడ్డ కూడా కడుతుంది. అది కాంట్రాస్ట్ తీసుకోదు. కాన్సర్ త్రాంబస్ (సిరలోకి పాకిన కాన్సర్) అయితే ఆర్టీరియల్ ఫేజ్‌లో తానూ వెలుగుతుంది, సిరను ఉబ్బిస్తుంది. అది ఉంటే గడ్డ 3 సెం.మీ.లే అయినా బీసీఎల్‌సీ స్టేజింగ్‌లో సీ, అంటే ముదిరిన దశ. లివర్ మార్పిడికి చూసే 1996 నాటి మిలాన్ కొలత, అంటే ఒకటైతే 5 సెం.మీ. లోపు, మూడు దాకా అయితే ఒక్కోటి 3 సెం.మీ. లోపు, కూడా రక్తనాళాల్లోకి పాకనప్పుడే చెల్లుతుంది.

ఇంకోటి: ఒకే రూపంలో ఉన్న గడ్డ చైల్డ్-ప్యూ (లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే కొలమానం) ఏ వాళ్లకూ సీ వాళ్లకూ ఒకటి కాదు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు కొలత), పొట్టలో నీరు, మెదడు మందగించడం చూడకుండా గడ్డ బొమ్మ ఒక్కటి చూసి జోస్యం చెప్పకూడదు.

పటమట_కృష్ణ:
మరి డిఫ్యూజ్ రకానికి కొలతే ఉండదా?

లివర్_ఓపీ:
సరిగ్గా ఉండదు. అంచు లేకుండా సిర్రోసిస్ లివర్‌లో కలిసిపోతుంది, ఆర్టీరియల్‌లో అంతగా వెలగదు, సీటీలో తప్పిపోతుంది. పోర్టల్ త్రాంబస్ ఉండి ఏఎఫ్‌పీ (హెచ్‌సీసీకి చూసే రక్త పరీక్ష) బాగా పెరిగితే అనుమానించి ఎంఆర్ఐ చేయించాలి, డిఫ్యూజన్ సీక్వెన్స్‌లో బయటపడుతుంది. ఏఎఫ్‌పీ మామూలుగా ఉందని మాత్రం ఊరుకోకూడదు, కొన్ని హెచ్‌సీసీల్లో అది పెరగనే పెరగదు.

కొత్తపేట_పాథాలజీ:
అంచు మాత్రమే ఉంగరంలా వెలిగితే వేరే సంగతి. అది ఎల్‌ఆర్-ఎం (కాన్సర్‌లాగే ఉంది గానీ హెచ్‌సీసీనే అని చెప్పలేనిది) కిందికి వస్తుంది. పైత్యనాళాల కాన్సరో, వేరే చోటి నుంచి పాకిందో కావచ్చు. అక్కడ బయాప్సీ లేకుండా మందు మొదలుపెట్టరు.

సూర్యారావుపేట_స్కాన్:
రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఫిల్ముల ఫోన్ ఫొటోలు పనికిరావండీ. అన్ని ఫేజులూ ఉన్న డైకామ్ సీడీ (స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లు ఉన్నది) అడిగి తీసుకోండి. పాత స్కాన్ ఉంటే దాని సీడీ కూడా: 6 నెలల్లో 50 శాతం పెరిగిందా అన్నది రెండూ పక్కపక్కన పెడితేనే తేలుతుంది.