వారాంతంలో పాములను చూడటానికి తిరుపతి చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లవచ్చు?

ప్రశ్న: తిరుచానూరు వాసి

అందరికీ నమస్కారం. మేము నలుగురు మిత్రులం, తిరుపతిలో వేర్వేరు ఉద్యోగాలు చేసుకుంటున్నాము. మాలో ఒకరికి చిన్నప్పటి నుంచి పాములంటే ఆసక్తి. అతని మాటలు విని విని మిగిలిన ముగ్గురికీ ఆ పిచ్చి అంటుకుంది. ఇంతవరకు మేము చూసినవన్నీ జంతు ప్రదర్శనశాలలో అద్దం వెనుక చుట్ట చుట్టుకుని పడుకున్న పాములు, లేదా ఎవరి ఇంట్లోనో దూరితే వీధి వీధంతా కర్రలతో చేరి చంపేసిన పాములు మాత్రమే. తన చోట తన పని తాను చూసుకుంటున్న పామును ఒక్కసారైనా చూడాలని మా కోరిక.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండు మోటారు సైకిళ్ల మీద బయలుదేరి, భాకరాపేట మీదుగా తలకోన వైపు వెళ్లి, చీకటి పడిన తరువాత టార్చిలైట్లతో అడవిలో మూడు నాలుగు గంటలు నడిచి, ఆదివారం తిరిగి రావాలని అనుకుంటున్నాము. శ్రీలంకలో తప్ప మరెక్కడా లేదనుకున్న ఒక ఎగిరే పాము శేషాచలం అడవుల్లో దొరికిందని చదివినప్పటి నుంచి మా మిత్రుడికి నిద్ర పట్టడం లేదు. తలకోన మంచిదా, మామండూరు మంచిదా అన్నది నా మొదటి సందేహం. ఇక రెండవది: మా మిత్రుడు ఆన్‌లైన్‌లో పాములు పట్టే హుక్కు కర్ర ఒకటి తెప్పించుకున్నాడు. జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేని పాములను చేత్తో ఎత్తి ఫోటో తీసుకుంటే తప్పేమీ లేదని అతని వాదన. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: చెరువుకట్ట

మీ ఆసక్తి చూసి సంతోషం కలిగింది, కానీ మీ ప్రణాళికలో ఒక్క శనివారం తప్ప మిగిలినదంతా మార్చుకోవలసిందే. రాత్రిపూట శేషాచలం అడవిలో టార్చిలైట్లు పట్టుకుని నడిచే నలుగురు యువకులను చూసి పాముల కోసం వచ్చారని ఎవరూ అనుకోరు, ఎర్రచందనం కోసం వచ్చారనుకుంటారు. 2015 ఏప్రిల్‌లో ఈ కొండల్లోనే జరిగిన కాల్పుల్లో 20 మంది చనిపోయిన సంగతి మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా తలకోన ఉన్నది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. అక్కడ పగలు జలపాతం దాకా వెళ్లి రావడం వేరు, అనుమతి లేకుండా రాత్రి అడవిలోకి దిగడం వేరు; రెండవది చట్టప్రకారం నేరం. ఇవన్నీ చాలవన్నట్లు చిరుతలు ఉండనే ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే ఒక చిన్నారి చిరుత దాడికి బలైంది.

ఆ ఎగిరే పాము మాట నిజమే. అది శేషాచలంలో ఉన్నట్లు 2015లో శాస్త్ర పత్రికలో వచ్చింది. అది నిజంగా ఎగరదు. పక్కటెముకలను చాచి ఒంటిని పట్టీలా పలచగా చేసి, పై కొమ్మ నుంచి కింది కొమ్మకు గాలిలో జారుతుంది. అయితే పగలు చెట్ల మీద తిరిగే అటువంటి సన్నని పామును రాత్రి టార్చితో నేల మీద వెతకడం గురించి మీ మిత్రుడే మరొకసారి ఆలోచించుకోవాలి.

పాములను చూడటానికి కొండ ఎక్కనక్కరలేదన్నది నా పదిహేనేళ్ల అనుభవం. పాము ఉండేది దాని ఆహారం ఉండే చోట. ఆహారమంటే కప్పలు, ఎలుకలు, తొండలు. మన వైపు ఈ మూడూ కలిసి దొరికే చోటు చెరువు. కట్ట రాళ్ల సందుల్లో తొండలు, తూము కింద కాలువలో కప్పలు, ఆ కాలువ పారే వరి కయ్యల్లోనూ పక్కనున్న శెనక్కాయ చేలల్లోనూ ఎలుకలు ఉంటాయి. చంద్రగిరి, పుత్తూరు, నారాయణవనం, కార్వేటినగరం ఏ దిక్కుకు వెళ్లినా ఇటువంటి చెరువులు ఉన్నాయి. మీకు బంధువులో, తెలిసినవారో ఉన్న ఊరిని ఎంచుకోండి. పొలం యజమానికి ముందే చెప్పి, వీలైతే ఆయననే వెంటబెట్టుకుని వెళ్లండి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన ఈ రోజుల్లో, పగలు వాన పడి సాయంత్రం తెరిపి ఇచ్చిన రోజు అన్నిటికంటే మంచిది. వేసవిలో నెల రోజులు తిరిగినా కనిపించనివి అటువంటి ఒక్క సాయంత్రం కనిపిస్తాయి.

మోకాళ్ల కింది వరకు వచ్చే దళసరి బూట్లు తప్పనిసరి. రైతులు బురదలో వేసుకునే రబ్బరు బూట్లు సరిపోతాయి. టార్చి కాంతిని పది అడుగుల ముందుకు కాక అడుగు పడబోయే చోటనే వేయండి. కనపడని సందులో చేయి పెట్టకండి. రాయి ఎత్తవలసి వస్తే దూరపు అంచు పట్టుకుని మీ వైపుకు లేపండి. అప్పుడు కింద ఏదైనా ఉంటే అది మీ నుంచి దూరంగా పోతుంది. చూసిన తరువాత ఆ రాయిని అదే గుంటలో, అదే వైపుగా తిరిగి పెట్టండి. చాలామంది ఈ చివరి మాట వినరు. రాయి కింద ఏళ్ల తరబడి నిలిచిన తేమ ఒక్క ఎండకు ఆరిపోతుంది, ఆ తరువాత అక్కడ తేలు కూడా ఉండదు.

హుక్కు కర్ర విషయం: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో చంపడమే కాదు, పట్టుకోవడం, వల పన్నడం, తరమడం కూడా చేరతాయి. కనుక ఫోటో కోసం జెర్రిపోతును ఎత్తడం మీ మిత్రుడు అనుకున్నంత అమాయకమైన పని కాదు. అది అటుంచినా, చేతికి చిక్కిన పాము మీకు చూపించేది దాని భయాన్నే. అది ఎలా బతుకుతుందో చూడాలంటే రెండు గజాల దూరంలో నిలబడి కదలకుండా ఉండాలి. కర్రను ఇంట్లోనే వదిలేసి రమ్మనండి.

ఒక్క చిన్న ముచ్చట. కట్లపాము జాతికి శాస్త్రవేత్తలు వాడే బంగారస్ అనే పేరు మన తెలుగు బంగారు నుంచి వెళ్లినదే. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరంలోని పాములకు మనవాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఆయన పేరుతో ప్రపంచమంతా పిలుస్తున్న రక్తపింజరికి ఆయన విన్న తెలుగు పేరు కాటుక రేకుల పొడ. దాని వీపు మీది నల్ల అంచుల మచ్చలను చూసినవారికి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

జవాబు: ల్యాబ్ ఉద్యోగి, చిత్తూరు

నేను ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తాను. పాముల గురించి నాకు తెలిసింది తక్కువ, పాము కరిచినవారిని చూసింది ఎక్కువ. బయలుదేరే ముందే, మీరు వెళ్లే ఊరికి దగ్గరగా విషానికి విరుగుడు మందు నిల్వ ఉండి, రాత్రి కూడా వైద్యుడు ఉండే ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. మన దేశంలో దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషానికి కలిపి గుర్రాల రక్తం నుంచి తయారుచేసినది. ఆ తయారీకి కావలసిన విషాన్ని సేకరించే పనిలో చెన్నై దగ్గరి ఇరుల గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి ఉంది. ఆ సముదాయానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

కాటు పడితే కట్టు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఉంగరం, గడియారం తీసేసి, ఆ కాలిని లేదా చేతిని విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దతో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మోకాలి పైన తాడుతో బిగించుకునే వస్తారు. ఒక రైతు నైలాను తాడు బిగించుకుని రెండు గంటలు ఆటోలో ప్రయాణం చేసి వచ్చాడు. కాలు నల్లబడింది. ఆ తాడును ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒకేసారి ఒంట్లోకి వెళుతుందని, వైద్యుడు అన్నీ సిద్ధం చేసుకున్న తరువాతే విప్పవలసి వచ్చింది.

పామును చంపి సంచిలో వేసుకుని రావలసిన అవసరం కూడా లేదు. పింజరి విషం ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి మేము చేసే పరీక్ష చాలా చిన్నది. కడగని, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూస్తాము. రక్తం ఇంకా నీళ్లలా పారితే విషం పనిచేస్తున్నట్లే. సబ్బుతో కడిగిన గొట్టం వాడితే మంచి రక్తం కూడా గడ్డకట్టకుండా మోసం చేస్తుంది, అందుకే కొత్తదే వాడాలి. కట్లపాముకు ఈ పరీక్ష పనికిరాదు. అది నరాల మీద పనిచేస్తుంది, కాటు చోట నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు. కడుపు నొప్పి అని వచ్చి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయని చెప్పినవారిని చూశాను. కాబట్టి ఏదో గీసుకుందిలే అని ఎవరూ నిద్రపోకండి.

జవాబు: పల్లెటూరివాడు

పై ఇద్దరూ చెప్పినది బాగుంది, కానీ ఊరివాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలి. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని ప్రచారం చేసి, దాన్ని పట్టి అమ్మే ముఠాలు మన పల్లెల్లో తిరిగాయి. తెలియని మనుషులు రాత్రిపూట పొలాల్లో టార్చి వేసుకుని పుట్టల చుట్టూ తిరిగితే మా ఊళ్లో ముందుగా వచ్చే అనుమానం అదే. నాగుల చవితికి మేము పాలు పోసే పుట్టను తవ్వడానికి వచ్చారని ఎవరైనా కేక వేస్తే మీరు చెప్పే మాట వినేవారుండరు. కాబట్టి గెనిమ మీదకు వెళ్లే ముందు రచ్చబండ దగ్గర ఆగి పలకరించండి. ఏ పాము ఏ చోట కనిపించిందో ఫోటోతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు కూడా ఊరి పేరు రాయకండి.

తిరిగి రాసినది: తిరుచానూరు వాసి

అందరికీ కృతజ్ఞతలు. తలకోన మానుకున్నాము. పుత్తూరు వైపు మా మిత్రుని మేనమామగారి ఊరికి వెళ్లి, చీకటి పడిన తరువాత ఆయనతో కలిసి చెరువు కట్ట మీద రెండున్నర గంటలు నడిచాము. మధ్యాహ్నం ఒక గంట వాన పడింది.

మొదటి గంటలో కప్పల అరుపులు తప్ప ఏమీ లేదు. తరువాత తూము దగ్గర, నీళ్లు దూకే రాతి అంచున, ఒక నీరుకట్టె కప్పను వెనుక కాలు పట్టుకుని ఉంది. కప్ప ఊపిరి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటోంది, పాము ఒకసారి కుడి దవడను, ఒకసారి ఎడమ దవడను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతోంది. దాని కంటి కింద ఏటవాలుగా ఉన్న రెండు నల్ల గీతలు మేము నిలబడిన చోటికి స్పష్టంగా కనిపించాయి. అది మింగడం పూర్తయ్యేసరికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మేము నలుగురం అంతసేపు మాట్లాడకుండా నిలబడటం మా స్నేహంలో ఇదే మొదటిసారి.

తిరిగి వస్తుండగా తారు రోడ్డు మీద మూరెడు పొడవున్న నల్లని పాము, ఏ బండి కిందో పడి తల వెనుక నలిగి ఉంది. ఒంటి మీద సన్నని తెల్ల పట్టీలు. మా మిత్రుడు ఇది కట్లపాములా కనిపించే విషం లేని పామేనని, చచ్చిపోయింది కదా అని, ఫోటో కోసం తోక పట్టుకుని ఎత్తబోయాడు. మేనమామగారు అతని భుజం పట్టుకుని లాగి, "ముట్టుకోవాకు నాయనా, చచ్చినా దానికి నోరుంటాది" అన్నారు. దగ్గరగా మూడు ఫోటోలు మాత్రం తీసుకున్నాము, వాటిని ఇక్కడ జతచేస్తున్నాను. ఇది ఏ పామో చెప్పగలరా?

జవాబు: చెరువుకట్ట

ఆ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. అప్పుడే చచ్చిన పాము తల కొంతసేపటి వరకు తాకిన దాన్ని కరవగలదు, ఆయన మాట అక్షరాలా నిజం.

మొదటి రెండు ఫోటోల్లో తల నలిగి ఉంది కనుక వాటితో ఏమీ తేల్చలేము. మూడవ దాన్ని మీ దగ్గరి పెద్ద తెర మీద బాగా పెద్దదిగా చేసి చూడండి. ఇక్కడ అది చిన్నదిగా, మసకగా వస్తోంది. వెన్నెముక మీదుగా పోయే పొలుసుల వరుస పక్క వరుసల కంటే పెద్దదిగా, ఒక్కొక్కటి ఆరు పలకలుగా ఉందా? తెల్ల పట్టీలు జంటలు జంటలుగా ఉన్నాయా? తోక అడుగు కనిపిస్తే, అక్కడి పొలుసులు అడ్డంగా ఒక్కొక్కటిగా ఉన్నాయా, నడుమ చీలి రెండుగా ఉన్నాయా? మీ మిత్రుడు చెప్పిన పాముకు వెన్ను మీద పెద్ద పొలుసులు ఉండవు, తోక కింది పొలుసులు రెండుగా చీలి ఉంటాయి.

తిరిగి రాసినది: తిరుచానూరు వాసి

ఆఫీసు కంప్యూటరులో పెద్దదిగా చేసి చూశాను. వెన్ను మీది వరుస పెద్దది, ఆరు పలకలు లెక్కపెట్టగలిగాను. పట్టీలు జంటలుగానే ఉన్నాయి. తోక ఒక చోట తిరగబడి ఉంది, అక్కడి పొలుసులు చీలలేదు.

జవాబు: చెరువుకట్ట

అయితే కట్లపామే. పట్టీలు మెడ దాకా ఇంత స్పష్టంగా ఉన్నాయంటే ఇంకా పిల్ల; పెద్దదైతే ముందు భాగంలో అవి చెరిగిపోయినట్లు ఉంటాయి.

తిరిగి రాసినది: తిరుచానూరు వాసి

ఈ జవాబును మా మిత్రునికి పంపాను. గంట సేపు ఏమీ రాయలేదు. తరువాత ఫోన్ చేసి, ఆ రాత్రి మామయ్య లాగినప్పుడు తన చేయి పాముకు ఎంత దూరంలో ఉందని అడిగాడు. జానెడు అని చెప్పాను.