హెబ్బాళ రాతి మీది ‘పొఴల్’, మన ‘ప్రోలు’

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం సాయంత్రం మన బెంగళూరు హెబ్బాళ ఊళ్ళోకి వెళ్ళి కిత్తయ్య వీరగల్లు చూసొచ్చాను. మన గ్రూపులో సగం మంది రోజూ హెబ్బాళ ఫ్లైఓవర్ మీద పోతూనే ఉంటారు. దాని దగ్గర్లోనే క్రీ.శ. 750 నాటి రాయి ఉంది. అప్పుడు గంగరాజు శ్రీపురుషుడు ఏలుతున్నాడు. రట్టవాడి సైన్యం, అంటే రాష్ట్రకూటుల వైపువాళ్ళు, మీదికొస్తే ఎదిరించి చనిపోయిన కిత్తయ్య కోసం ఊరు నిలిపిన రాయి ఇది. 2018లో బయటపడింది. ఇప్పుడు మంటపం కట్టి అందులో నిలబెట్టారు.

ఫోన్ టార్చి ఎదురుగా వేశాను. రాయంతా తెల్లగా వెలిగిపోయి ఒక్క గీతైనా కనబడలేదు. చెయ్యి బాగా పక్కకు పెట్టి వెలుగు రాతిని రాసుకుంటూ పోయేలా పడితే, గాట్లలో నీడలు నిండి అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. చరిత్ర పరిశోధన చేసే మిథిక్ సొసైటీ అనే సంస్థ బృందం బెంగళూరు శాసనాలను త్రీడీ స్కాన్ చేస్తోందని చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ స్కాన్‌లో ఉన్న సుళువు ఇదే. రాతి ఎత్తుపల్లాలన్నీ కంప్యూటర్లోకి వచ్చాక వెలుగును ఎటునుంచైనా తిప్పి చూసుకోవచ్చు. తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసే పాత పద్ధతి కూడా గొప్పదే, మనకు తెలిసిన శాసనాల్లో చాలావాటిని కాపాడింది అదే. కానీ గాటు అరిగి కాగితం అందులోకి దిగకపోతే ఆ అక్షరం పోయినట్టే.

అసలు సంగతికి వస్తాను. ఈ శాసనంలో ‘పెర్బొఴల్‌నాడు’ అనే సీమ పేరుంది. అందులోని పెర్బొఴల్ హెబ్బాళ పాత పేరు. పెర్ అంటే పెద్ద. మన ‘పేరోలగం’ (పెద్ద కొలువు) మొదట్లో ఉన్నదీ ఈ మాటే. రెండో ముక్క పొఴల్, అంటే ఊరు, పట్నం. పాత కన్నడంలో దాన్ని ‘ఴ’తో పలికేవారు. తమిళులు ‘పఴం’ అనేటప్పుడు నాలుక వెనక్కి మడిచి పలుకుతారే, ఆ ధ్వని.

ఆ పొఴలే మన ప్రోలు. భట్టిప్రోలు, చేబ్రోలు, నిడుబ్రోలులలో ఉన్న ప్రోలు.

ఊరికే పోలిక పట్టి అనడం లేదు. పాత ‘ఴ’ చాలా మాటల్లో మూడు భాషల్లో మూడు దారులు పట్టింది. తమిళం అలాగే ఉంచుకుంది. కన్నడం ‘ళ’ చేసుకుంది. తెలుగులో కొన్నిచోట్ల ‘డ’ అయింది: ఏఴు మనకు ఏడు, కోఴి కోడి, కఴువు కడుగు. కొన్నిచోట్ల ‘ర’ అయి, ముందుకు దూకి మొదటి హల్లు కింద చేరింది: పొఴుదు ప్రొద్దు అయింది, కొఴుప్పు క్రొవ్వు అయింది. పఴైయ అన్నది మనకు ప్రాత, కన్నడిగులకు ‘హళె’. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డును ఇక్కడివాళ్ళు ‘హళె’ అంటున్నారంటే మన ప్రాతనే అంటున్నారన్నమాట! అదే లెక్కలో పొఴల్ మనకు ప్రోలు అయింది, కన్నడంలో హొళల్ అయింది. చిత్రదుర్గం జిల్లా హొళల్కెరె పేరులో ఉన్నది అదే.

యశవంతపుర మాస్టారు:
బాగుందమ్మా. కానీ పురమే ప్రోలయిందని మేము చదువుకున్నాం. పురం, ప్రోలు, రెండింటి అర్థమూ ఒకటే కదా. ఇంత దూరం పోవాలా?

నా జవాబు:
మాస్టారూ, నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. కానీ పురంలో ‘ల’ ఎక్కడుందండీ? ప్రోలులో ఉంది, పొఴల్‌లో ఉంది. పురం నుంచే అయితే కన్నడ మాటలో ‘ఴ’ ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. పాత తమిళంలో పొఴిల్‌కు తోట అనే కాదు, నేల, లోకం అనీ అర్థాలున్నాయి. జంబూద్వీపాన్ని ‘నావలందణ్ పొఴిల్’ అన్నారు. నేల, సీమ, ఊరు, ఇవన్నీ ఒకే కుదురులో మాటలు. అర్థం కలిసినంత మాత్రాన సంస్కృతానికి కట్టబెట్టేస్తే మన మాట పుట్టిల్లు మనమే చెరిపేసుకున్నట్టవుతుంది.

హొసూరు నుంచి ఒక తమ్ముడు:
అక్కా, మాకు ‘ఴ’ కొత్తేం కాదు, ఇంట్లో తెలుగు, బయట తమిళం. తెలుగు రాతలో ఆ అక్షరం నిజంగా ఉండేదా?

నా జవాబు:
ఉండేది తమ్ముడూ. రేనాటి రాజుల తొలి తెలుగు శాసనాల్లో వాళ్ళ పేరే ‘చోఴ మహారాజు’. తర్వాత అదే వంశం పేరు మనకు ‘చోడ’ అయింది, తెలుగు చోడులు అంటామే అది. ఏఴు ఏడైనట్టే చోఴ చోడైంది. నన్నయ నాటికి ఈ అక్షరం తెలుగు రాతలో లేదు, ‘ఱ’ మాత్రం మిగిలింది.

మారతహళ్ళి నుంచి ఒకరు:
నా ఫోన్లో మీ పోస్టంతా డబ్బాలే కనిపిస్తున్నాయండి. పొ-డబ్బా-ల్ అని ఉంది. ఏం టైప్ చేశారు?

నా జవాబు:
అయ్యో, అది ఫాంటు లోపం. తెలుగు ‘ఴ’ యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పట్టికలోకి, 2014లో వచ్చింది, పాత ఫాంట్లలో ఉండదు. ఫోన్ అప్‌డేట్ చేసి చూడండి. కన్నడానికి ఈ అక్షరం యూనికోడ్‌లో మొదట్నుంచీ ఉంది, కానీ దానికి ‘ఎఫ్‌ఏ’ అని తప్పు పేరు పడింది. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదన్న నియమం వల్ల ఇవాళ్టికీ ఆ పేరే.

టైపు మాట వచ్చింది కాబట్టి, ఈ పోస్టు ఎందుకు పెట్టానో చెప్తాను. మనలో కొందరు ఖాళీ సమయంలో శాసన పాఠాలు టైపు చేసి నెట్‌లోకి ఎక్కిస్తున్నారు. చాలా మంచి పని. కానీ ‘ఴ’ దొరకలేదనో, చదివేవాళ్ళకు తెలియదనో దాని బదులు ళ, డ, ఒక్కోసారి ల కూడా కొట్టేస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే మరీ ఘోరం. పెర్బొఴల్ వార్తల్లో ‘పెర్బోలాల్’ అయిపోయింది. అలా ఎక్కిన పాఠాన్ని రేపు ఎవరైనా ‘ఴ’ ఉన్న మాటల కోసం వెతికితే ఒక్కటీ దొరకదు. రాతి మీద పన్నెండు వందల ఏళ్ళు నిలిచిన అక్షరం మన కీబోర్డు దగ్గర పోతోంది. దయచేసి చెక్కింది చెక్కినట్టు కొట్టండి. ఇప్పటి రూపం కావాలంటే పక్కన వేరే వరుసలో ఇవ్వండి. చెరిగిన చోట చెరిగిందని గుర్తు పెట్టండి, ఊహించి పూరించకండి.

యశవంతపుర మాస్టారు:
‘ల’ సంగతి సబబుగానే ఉంది. ఒప్పుకుంటున్నాను. అయితే పెర్బొఴల్‌కు సరిగ్గా మన మాట ఏమవుతుంది, పెదప్రోలా?

నా జవాబు:
అవునండీ, అచ్చంగా. కృష్ణా జిల్లా మోపిదేవి మండలంలో ఆ పేరుతో ఊరే ఉంది.

కొత్తగా చేరిన సభ్యురాలు:
మా అమ్మమ్మ వాళ్ళది పెదప్రోలేనండి! నేను ఉండేది హెబ్బాళలో, కెంపాపుర దగ్గర. పదకొండేళ్ళుగా. ఈ సంగతి ఇవాళే తెలిసింది. ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, “అయితే నువ్వు ఊరు దాటలేదన్నమాట” అంది.

నా జవాబు:
ఎంత సంతోషంగా ఉందో! అమ్మమ్మగారింట్లో పాత దస్తావేజులు ఉంటాయి కదా, వాటిలో ఊరి పేరు ఎలా రాశారో చూసి ఆ పేరున్న వరస వరకు ఫోటో తీసి పెడతారా? పెదప్రోలు అనే ఉందా, పెదబ్రోలు అని కూడా రాశారా అన్నది చూడాలి. రాయి దగ్గరికి వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను, వస్తానంటే సాయంత్రం ఐదింటికి మంటపం దగ్గర ఉంటాను. టార్చి తెచ్చుకోండి.