తిరుపతికి కేబీఆర్ లాంటి అడవి పార్కు కావాలా, వద్దా?

కొర్లగుంట నుంచి:
పోయిన నెల హైదరాబాదులో మా అక్కోళ్ళింటికి పోయినా. పొద్దున్నే బావ కేబీఆర్ పార్కుకు తీసుకుపోయినాడు. జూబ్లీహిల్స్ దగ్గర దాదాపు 390 ఎకరాల అడవి, 1998లో జాతీయ ఉద్యానం చేసినారు. టికెట్ తీసుకుని లోపలికి పోతే కొంచేపటికే హారన్ల మోత తగ్గిపోయింది. బండరాళ్ళు, ఎండుటాకుల వాసన, దారికి అడ్డంగా నెమలి. రోజూ వచ్చేవాళ్ళకు పాసులు, మధ్యాహ్నం మూసేస్తారు. శేషాచలం పక్కనే ఉన్న మనకు నడిచేదానికి రోడ్డే గతి. కపిలతీర్థం, అలిపిరి మధ్య కొండ కింద కొంత జాగాకు కంచె వేసి బాట వేస్తే ఏం నష్టం?

అలిపిరి నుంచి:
అన్నా, నష్టం ఉంది. కేబీఆర్ చుట్టూ రోడ్లే, చిరుత వచ్చేదానికి దారే లేదు. మన కొండ వెనకాల 353 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం ఉండాది. పార్కు పెడితే పక్కనే తినుబండారాల బండ్లు వస్తాయి. ఎంగిలాకులకు కుక్కలు, పందులు చేరతాయి, వాటికోసం చిరుత దిగుతుంది. 2023 ఆగస్టులో నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చి నడిపించినారు. అప్పుడే మర్చిపోయినామా? ఆ కేబీఆర్ చుట్టూ కూడా ఫ్లైఓవర్లకు చెట్లు కొట్టొద్దని అక్కడి జనం ఏళ్ళుగా పోరాడతానే ఉండారు. పార్కు అని పేరు పెట్టినంత మాత్రాన అడవికి కాపలా దొరికినట్టు కాదు.

యూనివర్సిటీ రోడ్డు నుంచి:
చిరుత ఇప్పుడు కూడా మా వైపు వస్తానే ఉంది తమ్ముడూ, పార్కు లేకుండానే. నన్ను బాధపెట్టేది వేరే. మా అబ్బోడికి ఎర్రచందనం అంటే టీవీలో చూపించే దుంగలే. ఈ కొండల్లో పెరిగే చెట్టును వాడు ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు. చూడని చెట్టు మీద పిల్లోళ్ళకు ప్రేమ ఎట్ల పుడుతుంది? కొత్త కంచె ఎందుకు, 1987లో పెట్టిన జూపార్కు 5,532 ఎకరాలుంది. అందులో ఒక పక్క పొద్దున పూట నడిచేవాళ్ళకు వదలమని అడుగుదాం.

కొర్లగుంట నుంచి:
అక్కా, మా నాయనకు 72 ఏళ్ళు. అంత దూరం ఆటోకు రోజూ ఎంతవుతుందో లెక్కేసుకో.

అలిపిరి నుంచి:
అయితే అవిలాల చెరువు గట్టు మీద వేప, కానుగ నాటమని అడుగుదామన్నా. ఊరికి దగ్గర, అడవి జోలికి పోయే పని లేదు.

కొర్లగుంట నుంచి:
నాటమను, వద్దనను. అవి నీడనిచ్చే నాటికి మా నాయన నడవగలడా తమ్ముడూ? అక్క చెప్పిన జూ మాటకు మాత్రం ఒప్పుకుంటా, పొద్దున 6 గంటలకు ఊళ్ళోనుంచి ఒక బస్సు వేస్తే. అర్జీ రాసేటప్పుడు ఆ బస్సు సంగతి ముందు రాయండి.