అమెరికాలో నర్సింగ్ డిగ్రీ పూర్తయ్యాక లైసెన్సు ముందా, పని అనుమతి ముందా?

ప్రశ్న (హన్మకొండ, విద్యార్థిని అన్నయ్య):

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అమెరికాలో నాలుగేళ్ల బీఎస్ఎన్ కోర్సు, అంటే నర్సింగ్ డిగ్రీ చదువుతోంది. వచ్చే మే 15న కోర్సు ముగుస్తుంది. డిగ్రీ చేతికి రాగానే ఆసుపత్రిలో నర్సుగా చేరవచ్చని, ఒకటి రెండేళ్లలో గ్రీన్ కార్డు కూడా వస్తుందని చదువుకు పంపిన కన్సల్టెన్సీ వారు మాతో చెప్పారు. ఇప్పుడు తోటి విద్యార్థులు ఎన్‌క్లెక్స్ అంటున్నారు, ఓపీటీ అంటున్నారు. వీటిలో ఏది ముందు చేయాలో, ఏది ఆలస్యమైతే నష్టమో తెలియడం లేదు. ఊళ్లో ఉన్న భూమిని కుదువ పెట్టి చదివిస్తున్నాము కాబట్టి అప్పు తీర్చే లెక్క కూడా దీని మీదే ఆధారపడి ఉంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (వరంగల్, నర్సింగ్ ట్యూటర్):

తమ్ముడూ, మీరు అడిగిన రెండింటికీ అధికారులు వేరు. లైసెన్సు ఇచ్చేది ఆమె పనిచేయబోయే రాష్ట్రపు నర్సింగ్ బోర్డు. ఉద్యోగం చేసుకోవచ్చని అనుమతించేది అమెరికా కేంద్ర ప్రభుత్వపు ఇమిగ్రేషన్ శాఖ. లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసైనంత మాత్రాన జీతం తీసుకునే హక్కు రాదు, పని అనుమతి కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన రిజిస్టర్డ్ నర్సుగా రోగికి మందు వేసే అర్హత రాదు. కాబట్టి ఏది ముందు అని కాకుండా, రెండింటినీ ఒకేసారి నడిపించాలి.

పని అనుమతి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దానికి గడువులు కఠినంగా ఉంటాయి. డిగ్రీ తర్వాత 12 నెలల పాటు చదివిన రంగంలోనే పనిచేసే అవకాశాన్ని ఓపీటీ అంటారు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల లోపు దరఖాస్తు అందాలి. మీ చెల్లెలి విషయంలో ఫిబ్రవరి 14న ఆ గడువు మొదలై జులై 14న ముగుస్తుంది. కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని డీఎస్ఓ అంటారు. ముందుగా ఆయన సిఫారసు నమోదు చేయాలి, ఆ తర్వాత 30 రోజుల లోపు పని అనుమతి దరఖాస్తు అయిన ఐ-765 ఫారం ఇమిగ్రేషన్ శాఖకు పంపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలని అదే ఫారంలో అడగవచ్చు, తప్పకుండా అడగమనండి. కొన్ని రాష్ట్రాల బోర్డులు ఆ నంబరు లేనిదే లైసెన్సు ఇవ్వవు. అనేక రాష్ట్రాల్లో చెల్లే ఉమ్మడి లైసెన్సుకైతే అది తప్పనిసరి. ఇంతకుముందు క్యాంపస్‌లో ఉద్యోగం చేయని విద్యార్థికి ఆ నంబరు సాధారణంగా పని అనుమతితోనే వస్తుంది.

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడ. ఓపీటీ మొదలు తేదీని కోర్సు ముగిసిన మరునాటి నుంచి 60 రోజుల లోపు ఎప్పుడైనా కోరుకోవచ్చు. అయితే ఆ తేదీ దాటాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. ఎన్‌క్లెక్స్‌లో ఒకసారి తప్పితే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, అంటే ఒక్క తప్పుతో ఆ 90 రోజుల్లో సగం కరిగిపోతుంది. తొందరపడి మే 16ను మొదలు తేదీగా పెట్టుకున్న పిల్లలు, కాలేజీ నుంచి బోర్డుకు ధ్రువీకరణ వెళ్లి, పరీక్షకు అనుమతి వచ్చి, ఫలితం వచ్చేలోగా ఆ రోజులు పోగొట్టుకుంటారు. నా అభిప్రాయంలో జులై మొదటి రెండు వారాల్లోని తేదీ కోరుకుని, జూన్‌లో పరీక్ష రాయడం మేలు. బోర్డు దరఖాస్తు, వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ వంటివి చివరి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి. పరీక్షలో ప్రశ్నలు 85 నుంచి 150 వరకు వస్తాయి, సమయం 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి రోగి పరిస్థితిని మొత్తంగా చూసి నిర్ణయం తీసుకునే తరహా ప్రశ్నలు పెరిగాయి కాబట్టి బట్టీ చదువు పనికిరాదు.

ప్రశ్న (అన్నయ్య):

ధన్యవాదాలు మేడమ్. లైసెన్సు వచ్చేలోగా నర్సింగ్ అసిస్టెంటుగా చేరితే ఆ 90 రోజుల లెక్క ఆగుతుందని ఒకరు అన్నారు. అది నిజమేనా? 12 నెలలు అయిపోయాక ఏం చేయాలి?

జవాబు (నర్సింగ్ ట్యూటర్):

ఓపీటీలో చేసే పని ఆమె చదివిన డిగ్రీకి నేరుగా సంబంధించినదై ఉండాలి. డిగ్రీ అవసరం లేని అసిస్టెంటు పని ఆ నిబంధనకు సరిపోతుందని నమ్మి చేరడం ప్రమాదం. డీఎస్ఓను ఈమెయిల్‌లో అడిగి, ఆయన జవాబును భద్రపరచుకోవాలి. ఎన్‌క్లెక్స్ రాయకముందే గ్రాడ్యుయేట్ నర్సుగా, పర్యవేక్షణలో పనిచేసేందుకు కొన్ని రాష్ట్రాలు తాత్కాలిక అనుమతి ఇస్తాయి. ఆమె రాష్ట్రంలో అది ఉంటే అంతకంటే మంచి దారి లేదు.

రెండో ప్రశ్నకు జవాబు మీ మనసుకు కష్టం కలిగిస్తుంది, అయినా భూమి కుదువలో ఉన్నప్పుడు దాచి చెప్పడం తప్పు. ఇంజినీరింగ్ వారికి వచ్చే అదనపు 24 నెలల పొడిగింపు మామూలు బీఎస్ఎన్‌కు లేదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకే ఇస్తారు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనే అక్కడ రిజిస్టర్డ్ నర్సు కావచ్చు కాబట్టి, వార్డు నర్సు ఉద్యోగానికి అది దొరకడం చాలా అరుదు. గ్రీన్ కార్డు విషయంలో కన్సల్టెన్సీ వారు సగమే చెప్పారు. నర్సులు షెడ్యూల్ ఏ అనే, కొరత ఉన్న వృత్తుల జాబితాలో ఉన్నందున ఆసుపత్రి కార్మిక శాఖ ధ్రువీకరణ కోసం ఆగనక్కరలేదు, అది నిజం. కానీ ఆ తర్వాత నిలబడవలసిన ఈబీ-3 వరుస, అంటే ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక వర్గపు వరుస, పుట్టిన దేశాన్ని బట్టి సాగుతుంది. భారతదేశంలో పుట్టినవారికి అది పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. అయినా ఆసుపత్రి పిటిషన్ వేస్తానంటే వద్దనకండి, వరుసలో తేదీ పడటం మంచిదే. అప్పు లెక్కను మాత్రం 12 నెలల జీతం మీదే వేసుకోండి.

దారులు లేకపోలేదు. అంతకంటే పై స్థాయి డిగ్రీలో, అంటే మాస్టర్స్‌లో చేరి పూర్తి చేస్తే మరో 12 నెలల ఓపీటీ వస్తుంది. రోగిని పరీక్షించి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్ అయితే హెచ్-1బీకి అర్హత చూపడం సులువు. ఇంకొకటి, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది: ఆస్ట్రేలియా 2025 నుంచి అమెరికా వంటి కొన్ని దేశాల్లో నమోదై, 1,800 గంటలు పనిచేసిన నర్సులకు దగ్గరి దారిలో రిజిస్ట్రేషన్ ఇస్తోంది. వారానికి 36 గంటల చొప్పున 50 వారాలు పనిచేస్తే సరిగ్గా అన్ని గంటలవుతాయి. అందుకే ఆ 12 నెలల్లో ఒక్క నెల కూడా వృథా కానివ్వవద్దు, చేసిన గంటలకు ఆసుపత్రి నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి.

ప్రశ్న (జమ్మికుంట, స్టాఫ్ నర్సు):

మేడమ్, నేను జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ నర్సింగ్ చదివితే అక్కడ నర్సుగా చేరవచ్చని ఒక ఏజెంటు అంటున్నారు.

జవాబు (నర్సింగ్ ట్యూటర్):

చెల్లీ, డబ్బు కట్టే ముందు ఒకే మాట అడగండి: ఇది బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ అయిన ఎన్ఎంసీ ఆమోదించిన ప్రీ-రిజిస్ట్రేషన్ కోర్సేనా, అంటే కొత్తగా నర్సుగా నమోదు కావడానికి అర్హత ఇచ్చే కోర్సేనా? కాకపోతే ఆ ఎమ్మెస్సీతో నర్సుగా నమోదు కాలేరు. చదువు తర్వాత వచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆ వీసాతో ఏ పనైనా చేయవచ్చు గానీ ఎన్ఎంసీ నమోదు లేకుండా నర్సు పని చేయకూడదు. మీకు ఇక్కడి రిజిస్ట్రేషన్, అనుభవం రెండూ ఉన్నాయి కాబట్టి నేరుగా వెళ్లడమే చౌక. ఐఈఎల్‌టీఎస్‌లో రాతకు 6.5, మిగతా మూడింటికీ 7 చొప్పున తెచ్చుకుని, ఎన్ఎంసీ వారి కంప్యూటర్ పరీక్షను మన దేశంలోనే రాసి, ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్షను బ్రిటన్‌లో ఇవ్వాలి.

ఈలోగా మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో చూసుకుని, మీ నమోదు మీద అభ్యంతరాలేమీ లేవని కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ పత్రానికి దరఖాస్తు పెట్టండి. పేరు కూడా సరిచూసుకోండి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, కౌన్సిల్ పత్రంలో మరో వరుసలో ఉండటం మామూలే. పరీక్షకు నమోదు చేసిన పేరు గుర్తింపు పత్రంతో సరిపోకపోతే కేంద్రంలోకి రానివ్వరు. హన్మకొండ తమ్ముడూ, మీ చెల్లెలి పేరు కూడా ఫిబ్రవరిలోగా ఒకసారి చూసుకోమనండి.