చెవీ 350 ఇంజిన్: ఐడిల్‌లో టైమింగ్ సరిగ్గానే ఉన్నా లోడ్ పడితే నాకింగ్ ఎందుకు?

ప్రశ్న: నా పాత షెవ్రొలే (చెవీ) కమారో కారులోని 350 ఇంజిన్‌కు హెచ్‌ఈఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) బిగించి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) టైమింగ్ 12 డిగ్రీలకు పెట్టాను, అంటే పిస్టన్ పైకొసకు చేరడానికి క్రాంక్ లెక్కలో అంత ముందుగా స్పార్క్ పడేలా. స్టార్టింగ్ బాగానే ఉంది కానీ, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టకటకమని నాకింగ్ వినిపిస్తోంది. పరిష్కారం తెలుపగలరు.

సమాధానం: ఐడిల్‌లో కనిపించే అంకె ఒక్కటే చాలదండీ. వేగం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు విచ్చుకుని స్పార్క్‌ను ఇంకా ముందుకు జరుపుతాయి. అవి క్రాంక్ లెక్కలో మరో 28 డిగ్రీలు కలిపితే మొత్తం 40 అవుతుంది. పాత తరహా సిలిండర్ హెడ్లున్న 350కి సాధారణంగా 34 నుంచి 36 చాలు; స్పార్క్ అంతకంటే ముందుగా పడటం వల్లే మీకు లోడ్‌లో నాకింగ్ వస్తూ ఉండవచ్చు.

ముందుగా బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు కొసన ఉండే చక్రం) మీది సున్నా గీతను పరీక్షించండి. పాత బ్యాలెన్సర్లలో రబ్బరు సడలి బయటి రింగు జరిగిపోతే, స్పార్క్ పడినప్పుడల్లా మెరిసి గీతను చూపే టైమింగ్ లైటు ఎంత ఖరీదైనదైనా అబద్ధమే చెబుతుంది. బ్యాటరీ తీగ తీసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు స్థానంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను పూర్తిగా పైకి పోనివ్వకుండా ఆపే పనిముట్టు) బిగించి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా రెండు దిక్కులా పిస్టన్ దానికి తాకేవరకు తిప్పి, రెండుసార్లూ పాయింటర్ (ఇంజిన్‌పై కదలని సూచిక) ఎదురుగా బ్యాలెన్సర్‌పై గీతలు పెట్టుకుంటే, వాటి సరిమధ్య బిందువే అసలైన టీడీసీ (పిస్టన్ పైకొసన ఉండే స్థానం), అంటే అసలు సున్నా.

తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం (ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ను అదనంగా ముందుకు జరిపేది) ఊడదీసి దాని మూతి మూసివేయండి. ఎనిమిది అంగుళాల బ్యాలెన్సర్‌పై 34 డిగ్రీలంటే చుట్టుకొలత వెంట సుమారు 60 మిల్లీమీటర్లు. ముందునుంచి చూస్తూ సున్నా నుంచి గడియారపు దిశలో అంత దూరాన గీత పెట్టండి. బరువులు పూర్తిగా విచ్చుకునే వేగం వరకు, అంటే ఇంకెంత పెంచినా గీత కదలనంత వరకు (సాధారణంగా 3,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో), ఇంజిన్ వేగం పెంచి, టైమింగ్ లైటు వెలుగులో చూస్తూ డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి ఆ గీతను పాయింటర్‌కు కలపండి. ఈ ఇంజిన్‌లో రోటర్ గడియారపు దిశలో తిరుగుతుంది కనుక, డిస్ట్రిబ్యూటర్‌ను అదే దిశలో తిప్పితే టైమింగ్ తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు బిగించాక మళ్లీ చూడండి, బిగింపులోనే కాస్త జరుగుతుంది. లైటు వెలుగులో ఫ్యాన్ ఆగినట్టు భ్రమ కలగవచ్చు, చేతులు జాగ్రత్త.

ప్రశ్న: అలా చేస్తే ఐడిల్‌లో ఆరు డిగ్రీలే మిగులుతోంది, ఇంజిన్ మందకొడిగా ఉంది.

సమాధానం: అప్పుడు చేయవలసింది డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పడం కాదు, బరువుల ప్రయాణాన్ని వాటిని ఆపే పిన్ను దగ్గర బుష్‌తో (చిన్న గొట్టపు తొడుగుతో) కుదించడం. అవి కలిపేది 28 నుంచి 22 డిగ్రీలకు తగ్గితే ఐడిల్‌లో 12, మొత్తం 34 రెండూ దక్కుతాయి. చివర వాక్యూమ్ గొట్టం తిరిగి పెట్టాక, లోడ్ లేకుండా వేగం పెంచినప్పుడు 45 దాటి కనిపించినా కంగారు పడకండి; యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే వాక్యూమ్ పడిపోయి ఆ అదనం దానంతట అదే తొలగుతుంది.