‘జాయింట్ వెంచర్’కి తెలుగేమిటి?

ప్రశ్న: భూగర్భ రైలు, కరెంటు సొరంగాలు తవ్వే కంపెనీల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. కంపెనీలు కలిసి ఒకే కాంట్రాక్టు తీసుకునే ‘జాయింట్ వెంచర్’ దగ్గర ఆగిపోయాను. కంప్యూటర్‌ని అడిగితే ‘ఉమ్మడి సాహసం’ అంది! పేపర్లలో ‘సంయుక్త సంస్థ’ అని కనిపిస్తోంది. ఏది రాయమంటారు?

జవాబు: ‘పొత్తు’ ఉండగా ఇంకో మాట ఎందుకండీ? చక్కటి తెలుగు మాట.

జవాబు: పొత్తు అనగానే ఇప్పుడు ఎన్నికలే గుర్తొస్తాయి. పైగా ‘పొత్తుల మగడు పుచ్చి చచ్చె’ అని సామెత ఒకటుంది. టెండరు వేసేవాడికి అంతకన్నా అపశకునం కావాలా?

జవాబు: నా ఓటు ‘ఉమ్మడి’కే. ఇద్దరు కలిసి అప్పు తీసుకుంటే నోటులో ఏమని రాస్తారు? ‘ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులము’ అని. ఈ కాంట్రాక్టుల ప్రాణం సాధారణంగా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. సగం తవ్వాక ఒక భాగస్వామి దివాలా తీశాడనుకోండి, తవ్వే మిషను భూమిలోనే ఉండిపోయింది. మిగిలినవాడు ‘నా వాటా నలభై శాతమే’ అంటే చెల్లదు, పని మొత్తం పూర్తి చేయాల్సిందే. ‘సంయుక్త’లో ఈ బరువు నాకు వినిపించదు.

జాయింట్ వెంచర్లలోనూ రెండు రకాలున్నాయి. సిబ్బంది, మిషన్లు, లాభనష్టాలు అన్నీ ఒకే కుప్పలో పోసేది ఒకటి. అది సంధి లాంటిది: రామాలయంలో ఏ ‘అ’ ఎవరిదో చెప్పలేం. పని పంచుకుని ఎవరి ముక్క వాళ్లు కట్టేది రెండోది, అది ద్వంద్వ సమాసం. ఇంగ్లిష్ ఛానల్ కింద సొరంగం కట్టిన ట్రాన్స్‌మాంష్ లింక్‌లో ఐదు బ్రిటిష్, ఐదు ఫ్రెంచ్ కంపెనీలు ఉండేవి. ఎవరి ఒడ్డు నుంచి వాళ్లు తవ్వుకుంటూ వచ్చి 1990 డిసెంబరులో సముద్రం కింద కలిశారు. ఇది రెండో రకానికి దగ్గర.

ఇంకోటి. ‘విద్యుత్ సొరంగం’ అని గుడ్డిగా రాసేయకండి. జలవిద్యుత్ వాళ్ల భాషలో పవర్ టనెల్ అంటే టర్బైన్‌కి నీళ్లు తీసుకెళ్లే దారి. నగరం కింద హైవోల్టేజీ తీగలు వేసేదైతే ‘కేబుల్ సొరంగం’ అనాలి. మీ వ్యాసంలో ఏదో ముందు చూసుకోండి.

జవాబు: సొరంగం అంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో ‘సురుంగా’, అర్థశాస్త్రంలోనే ఉంది. గొట్టం, పిల్లనగ్రోవి అనే అర్థాలున్న గ్రీకు ‘సిరింక్స్’ నుంచి వచ్చిందని చాలామంది పండితుల మాట. సిరంజి పుట్టిందీ ఆ గ్రీకు మాట నుంచే! సొరంగంలో గోడగా కాంక్రీటు రింగు బిగించాక, దాని వెనక మట్టికీ రింగుకీ మధ్య మిగిలే సందులోకి పంపుతో గ్రౌట్, అంటే జారుగా కలిపిన సిమెంటు, ఎక్కిస్తారు. అచ్చం ఇంజక్షనే.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థ్యాంక్స్. ‘ఉమ్మడి సంస్థ’ ఖాయం చేశాను. నా వ్యాసంలో ఉన్నది కేబుళ్ల సొరంగమేనట, మూడు చోట్ల దిద్దుకున్నాను. ఇంతకీ గ్రౌట్‌కి తెలుగేమిటండీ?

జవాబు: గ్రౌట్ అనే రాయండి. మేస్త్రీలూ అదే అంటారు.